ఎర్రమట్టిలో, మే ఎండను తట్టుకునే లాన్ పెంచడం ఎలా?

ఇంటి ముందు లాన్ వేయాలనుకునేవాళ్ళు మొదట అడిగే ప్రశ్న "ఏ గడ్డి వేస్తే బాగుంటుంది?" అని. దానికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. మే నెలలో మీ బోరు ఎన్ని నీళ్ళు ఇస్తుంది? ఆ జవాబును బట్టి లాన్ ఎంత వెడల్పు ఉండాలో తేలుతుంది. గడ్డి రకం ఆ తర్వాతి మాట.

లెక్క చాలా సులువు. ఒక చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్ళు పోస్తే ఒక మిల్లీమీటరు వాన పడినట్టు. నడివేసవిలో మన దగ్గర గరిక జాతి గడ్డికి రోజుకు 5 మిల్లీమీటర్ల దాకా నీళ్ళు కావాలి. 300 చదరపు అడుగుల లాన్ అంటే సుమారు 28 చదరపు మీటర్లు, అంటే రోజుకు 140 లీటర్లు, వారానికి దాదాపు వెయ్యి. 5,000 లీటర్ల ట్యాంకర్ ఒకటి తెప్పిస్తే ఐదు వారాలు వస్తుంది. అదే వంద గజాల లాన్ అయితే ఆ ట్యాంకర్ పన్నెండు రోజులకే ఖాళీ. హైదరాబాద్ శివారు కాలనీల్లో ఏప్రిల్ దాటాక ఎండిపోయి కనిపించే లాన్‌లు చాలావరకు ఈ లెక్క వేసుకోకుండా పరిచినవే. అందుకే ఉన్న స్థలమంతా గడ్డితో నింపకండి. పిల్లలు ఆడుకోవడానికి, సాయంత్రం నాలుగు కుర్చీలు వేసుకోవడానికి సరిపడా చోటు చూసుకోండి. మిగతా చోట మొక్కలు పెట్టుకోవచ్చు.

ఇంకో షరతు ఎండ. గరిక రకాలకు రోజుకు కనీసం ఆరు గంటల నేరు ఎండ తగలాలి. మామిడి చెట్టు కిందో, రెండు ప్రహరీల మధ్య సందులోనో ఎంత ఖర్చు పెట్టినా అది పలచబడిపోతుంది. ఒక ఆదివారం ఇంట్లోనే ఉండి, గంట గంటకూ నీడ ఎక్కడిదాకా వస్తోందో నేల మీద సున్నంతో గీత గీయండి. సాయంత్రానికి లాన్ ఎక్కడ వేయాలో ఆ గీతలే చెబుతాయి.

మీ మట్టిని చూసుకోండి

తెలంగాణలోనూ, రాయలసీమలోనూ చాలా ఇళ్ళ చుట్టూ ఉండేది ఎర్ర నేల. నీళ్ళు త్వరగా ఇంకుతాయి, అంతే త్వరగా ఆరిపోతాయి, పై పొర ఎండకు గట్టిగా పెచ్చు కడుతుంది. నల్లరేగడి దీనికి పూర్తిగా వ్యతిరేకం. వానాకాలంలో నీళ్ళు వదలదు, వేసవిలో వేలు పట్టేంత బీటలు తీస్తుంది. బాపట్ల, చీరాల వైపు తీరంలో ఇసుక నేలలు. అక్కడ పోసిన నీరు, వేసిన ఎరువు రెండూ కిందికి జారిపోతాయి.

అయితే కొత్త ఇళ్ళ చుట్టూ నిజంగా ఉండేది వీటిలో ఏదీ కాదు. పైన అర అడుగు మొరం, దాని కింద సిమెంటు పెళ్ళలు, ఇటుక ముక్కలు, టైల్స్ ముక్కలు, కంకర. చూసి తెలుసుకోవాలంటే తవ్వడం ఒక్కటే దారి. లాన్ వేసే చోట రెండు మూడు చోట్ల అడుగు లోతు గుంటలు తీయండి. గుంట నిండా నీళ్ళు పోసి, అవి ఇంకిపోయాక మళ్ళీ నింపండి. రెండోసారి పోసిన నీళ్ళు నాలుగైదు గంటల్లో పోతే మంచి నేల. మర్నాటికి కూడా నిలిచి ఉంటే కింద ఏదో అడ్డం ఉంది, లేదా అది బంకమట్టి.

వీలైతే మట్టి పరీక్ష చేయించండి. కృషి విజ్ఞాన కేంద్రాల్లో, వ్యవసాయ శాఖ ల్యాబుల్లో చేస్తారు. నాలుగైదు చోట్ల నుంచి అరడుగు లోతు మట్టి తీసి, కలిపి, నీడలో ఆరబెట్టి అరకిలో ఇస్తే చాలు. మట్టితో పాటు బోరు నీళ్ళు కూడా ఒక సీసాలో పట్టుకెళ్ళండి. ఉప్పు నీళ్ళయితే గడ్డి రకం ఎంపికే మారిపోతుంది.

మే నెలాఖరులో తవ్వకం

మన దగ్గర గడ్డి నాటడానికి జూన్ చివర నుంచి ఆగస్టు దాకా మంచి కాలం. కాబట్టి మట్టి పని మే చివరలో మొదలవ్వాలి. పార, గడ్డపార పట్టి అడుగు లోతు తిరగేయండి. రాళ్ళు, పెళ్ళలు ఏరి బయట పారేయండి. సిమెంటు పెళ్ళలు మట్టిలోనే వదిలేస్తే వాటి సున్నం వల్ల ఆ చోట గడ్డి పసుపు రంగుకు తిరుగుతుంది. తవ్విన మట్టిని పది పదిహేను రోజులు ఎండకు వదలండి.

తర్వాత చదరపు మీటరుకు నాలుగైదు కిలోల చొప్పున బాగా మాగిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్టు గానీ కలపాలి. మన 300 అడుగుల లాన్‌కు మూడు బస్తాలు పడుతుంది. పేడ ఎరువు చేత్తో నలిపితే టీ పొడిలా రాలాలి, వాసన ఉండకూడదు. మాగని పేడ వేస్తే చెదలు, వేరు పురుగు, పిచ్చి మొక్కల విత్తనాలు దాంతోపాటే వస్తాయి. పది కిలోల వేపపిండి కూడా కలపండి.

ఎర్ర నేలకు ఇంతే చాలు. నల్లరేగడిలో నాలుగు బస్తాల ఇసుక పోసి గుల్ల చేద్దామని చూడకండి, కొద్దిపాటి ఇసుక బంకమట్టిలో కలిస్తే అది ఇంకా గట్టిపడుతుంది. దానికి బదులు ఎరువు ఎక్కువ కలిపి, లాన్‌ను చుట్టుపక్కల కంటే నాలుగైదు అంగుళాలు ఎత్తు చేసి, అంచున నీళ్ళు పోయే కాలువ వదలండి. చౌడు అని పరీక్షలో తేలితే వాళ్ళు చెప్పిన మోతాదులో జిప్సం వేయండి. ఇసుక నేలలో ఎరువు రెట్టింపు వేసి, కొంత ఒండ్రు కలపాలి. ఎక్కడైనా ఇసుక అవసరమైతే ఏటి ఇసుకే వాడండి. రాళ్ళను మరపట్టి చేసే రోబో శాండ్‌లో ఉండే సన్నటి పొడి నీళ్ళు తగిలాక బిగుసుకుపోతుంది.

తుంగ సంగతి ముందే తేల్చుకోవాలి

ఇక్కడ నా అనుభవం చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల నాకు రెండేళ్ళు పోయాయి. మా స్థలంలో మొరం తప్ప మట్టి లేదని ఒక ట్రాక్టర్ లోడు నల్లమట్టి తెప్పించాను. చూడ్డానికి ఎంతో బాగుంది, మెత్తగా, నల్లగా. మూడు రోజుల్లో చదును చేయించి, పైన కార్పెట్ గడ్డి పరిపించేశాను. నెల తిరిగేసరికి ఆ పచ్చటి గడ్డిలోంచి లేత ఆకుపచ్చ సూదులు లేచాయి. పీకితే తెగి వచ్చేస్తున్నాయి, వారానికి మళ్ళీ లేస్తున్నాయి. ఒక చోట కార్పెట్ ఎత్తి వేలితో మట్టి తీసి చూస్తే, శనగ గింజంత నల్లటి గడ్డ. దానికి సన్నటి నల్ల దారం లాంటి వేరు, ఆ దారం చివర ఇంకో గడ్డ, దాని నుంచి ఇంకొకటి. జానెడు చోటులో పదకొండు గడ్డలు లెక్కపెట్టాను. ట్రాక్టర్ మట్టి మొత్తం తుంగ గడ్డలే. ఆ లాన్ అంతా తీసేసి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

అందుకని మీరు ఇలా చేయండి. మట్టి సిద్ధం చేశాక గడ్డి నాటకుండా మూడు వారాలు ఆగి, ఉత్త నేలకే రోజూ నీళ్ళు పట్టండి. లోపల ఉన్న తుంగ, వయ్యారిభామ, ఇతర విత్తనాలన్నీ మొలుస్తాయి. తుంగ మొలకను పీకవద్దు, కింద ఫోర్కు దించి గడ్డతో సహా పైకి తీయండి. తీసినవాటిని కంపోస్టు కుప్పలో వేయకుండా ఎండబెట్టి పారేయండి. మళ్ళీ నీళ్ళు పట్టండి, మళ్ళీ మొలిచినవి తీయండి. ఇలా రెండు విడతలు అయ్యాకే గడ్డి తెచ్చుకోండి. పని వాళ్ళు "ఏం కాదు సార్, గడ్డి వేస్తే అదే అణిగిపోతుంది" అంటారు. తుంగ అణగదు.

చదును

నీళ్ళు ఇంటి గోడ వైపు రాకుండా, పదడుగులకు ఒకటి రెండు అంగుళాల వాలు బయటికి ఉండాలి. కంటితో చూస్తే ఇది తెలియదు. మేస్త్రీలు వాడే నీళ్ళ లెవెల్ పైపు తీసుకుని నాలుగు మూలలా మేకులు కొట్టి, దారం కట్టి చూసుకోండి. దంతెతో లాగి, రోలర్ గానీ నీళ్ళు నింపిన డ్రమ్ము గానీ దొర్లించి, ఒకసారి బాగా తడిపి ఆరనివ్వండి. గుంటలు పడిన చోట మట్టి నింపి మళ్ళీ దొర్లించండి. ఇప్పుడు వదిలేసిన గుంటలో రేపు గడ్డి పెరిగాక నీళ్ళు నిలుస్తాయి, మిషన్ బ్లేడు పక్కనున్న మిట్టను గీరుకుంటూ పోతుంది. నడిస్తే మడమ అర అంగుళం కంటే ఎక్కువ దిగకపోతే నేల సిద్ధమైనట్టు.

ఏ గడ్డి?

నా ఓటు గరికకే. వినాయక చవితికి మనం దేవుడికి పెట్టే గరికే ఇది. పొలం గట్ల మీద, కాలువ ఒడ్డున ఎవరూ నీళ్ళు పోయకుండా బతికేది. మే నెలలో పైకి ఎండిపోయినా, కింద కణుపులు బతికి ఉండి మొదటి వానకు చిగురు పెడుతుంది. ప్రపంచమంతా బెర్ముడా గ్రాస్ పేరుతో అమ్మేది దీని జాతినే. డాలస్‌లో ఉండే మనవాళ్ళ ఇళ్ళ ముందు పెరిగేది కూడా చాలావరకు అదే. నర్సరీల్లో సెలక్షన్ వన్ అని ఇచ్చే రకం ఆకు సన్నగా, చూడ్డానికి నాజూగ్గా ఉంటుంది. కోత మాత్రం తరచుగా అడుగుతుంది.

మెక్సికన్ గడ్డి అని అమ్మేది జోయ్సియా జాతి. మెత్తటి పరుపులా ఒత్తుగా ఉంటుంది, నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి కోత తక్కువ. పాదాలకు హాయిగా ఉంటుంది, నిజమే. కానీ ఒకసారి దెబ్బతింటే ఆ ఖాళీ పూడడానికి నెలలు పడుతుంది. పిల్లలు క్రికెట్ ఆడే ఇంటికి అది పనికిరాదు. కొరియన్ గడ్డి కోయకుండా వదిలితే బొడిపెలు బొడిపెలుగా ఉబ్బుతుంది. పలచటి నీడ ఉన్న చోట వెడల్పాకు బఫెలో గడ్డి కొంత నయం. ఉప్పు నీళ్ళు తప్ప దిక్కులేని తీర ప్రాంతాల్లో పాస్పాలం వేసుకోండి. చిక్కటి నీడలో మాత్రం గడ్డి ఆలోచన మానేసి స్పైడర్ ప్లాంట్ లాంటివి పెట్టుకోండి.

ఆన్‌లైన్‌లో అందమైన బొమ్మతో వచ్చే విత్తనాల ప్యాకెట్లు కొనేముందు లోపల ఏ జాతి ఉందో చదవండి. ఫెస్క్యూ, రై గ్రాస్ అని ఉంటే అవి చలి దేశాల గడ్డి. డిసెంబర్‌లో చక్కగా మొలుస్తాయి, ఏప్రిల్‌లో పోతాయి.

నాటడం: మూడు దారులు

మొదటిది చేత్తో గుచ్చి నాటడం. వేర్లున్న గరిక తీగలు తెచ్చి, నాలుగంగుళాల దూరంలో చిన్న గుంటలు చేసి, గుంటకు మూడు నాలుగు తీగలు పెట్టి మట్టి నొక్కాలి. ఖర్చు దాదాపు కూలి మాత్రమే. వానాకాలంలో రెండు నెలలకు నేల కప్పుతుంది.

రెండోది నాకు బాగా ఇష్టమైనది, అలికినట్టు వేయడం. గరిక తీగలను రెండంగుళాల ముక్కలుగా, ప్రతి ముక్కకూ కనీసం ఒక కణుపు ఉండేలా కోయండి. ఒక వంతు ముక్కలకు ఒక వంతు పచ్చి పేడ, ఒక వంతు జల్లించిన మట్టి వేసి, నీళ్ళు పోసి, వాకిలి అలికే పేడనీళ్ళ కంటే చిక్కగా, ఇడ్లీ పిండి జారుగా కలపండి. ముందే తడిపి ఉంచిన నేల మీద అంగుళం మందాన పరచండి. పైన ఎండు గడ్డి పలచగా కప్పి, రోజుకు రెండుసార్లు రోజ్ క్యాన్‌తో మెల్లగా చల్లండి. రెండు మూడు వారాల్లో కణుపుల దగ్గర తెల్లటి మొనలు కనిపిస్తాయి. అప్పుడు ఎండు గడ్డి తీసేయండి. పేడ వాసన నాలుగు రోజులుంటుంది, ఇరుగుపొరుగుకు ముందే చెప్పుకోండి. ఇక్కడ పచ్చి పేడ ఎందుకంటే ముక్కలను నేలకు అతికించి, తడి ఆరకుండా పట్టి ఉంచుతుంది. పలచటి పొర కాబట్టి నష్టం లేదు.

మూడోది కార్పెట్ ముక్కలు పరచడం. కడియం, కడియపులంక నర్సరీల నుంచి ఇవి లారీల్లో రెండు రాష్ట్రాలకూ వెళ్తుంటాయి. ఒక్క రోజులో పచ్చగా అయిపోతుంది కాబట్టి అందరూ దీన్నే అడుగుతారు. కొనేటప్పుడు ముక్కను తిరగేసి అడుగు చూడండి. వేర్లు తెల్లగా ఉండాలి, తుంగ ఉండకూడదు, మధ్యలో చెయ్యి పెడితే వేడిగా ఉండకూడదు. మడతలో వేడెక్కిన గడ్డి మూడో రోజుకు పసుపు రంగుకు తిరుగుతుంది. ఇంకో విషయం చాలామంది గమనించరు. ఈ ముక్కల కింద అంగుళం మందాన బంకమట్టి అంటుకుని వస్తుంది. దాన్ని అలాగే మన ఎర్రమట్టి మీద పరిస్తే మధ్యలో మూత పెట్టినట్టవుతుంది. నీళ్ళు ఆ బంక పొరలోనే ఆగిపోతాయి, వేర్లు కిందికి దిగవు. కాబట్టి అదనపు మట్టిని పారతో చెక్కేసి పలచన చేయండి. వచ్చిన రోజే, ఇటుకల వరసలా అతుకులు ఒకదాని కింద ఒకటి రాకుండా పరచండి. అతుకుల్లో ఇసుక, ఎరువు కలిపి నింపి, రోలర్ తిప్పి, ముక్కను ఎత్తి చూస్తే కింద నేల కూడా తడిగా ఉండేంతవరకు నీళ్ళు పెట్టండి.

ఏ దారిలో వేసినా మొదటి నెల దాని మీద ఎవరూ నడవకూడదు. కుక్క ఉంటే కట్టేయాలి. గడ్డి రెండున్నర అంగుళాలు పెరిగాక మొదటి కోత. పట్టుకుని మెల్లగా లాగితే ఊడి రాకుండా ఉందో లేదో చూసుకుని అప్పుడు కోయండి.

నీళ్ళు

వేరు దిగిన తర్వాత రోజూ పైపైన చల్లే అలవాటు మానేయాలి. అలా చల్లితే వేర్లు పై అంగుళంలోనే ఉండిపోతాయి, ఒక్కరోజు కరెంటు పోతే గడ్డి వాడుతుంది. ఒకసారి పెడితే అయిదారు అంగుళాల లోతు తడవాలి. ఒక పొడవాటి స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి, తడిసినంత మేర సులువుగా దిగుతుంది.

ఎప్పుడు పెట్టాలో గడ్డే చెబుతుంది. పొద్దున్నే చెప్పుల్లేకుండా లాన్ మీద నడిచి వెనక్కి తిరిగి చూడండి. అడుగు పడిన చోట గడ్డి వెంటనే లేస్తే నీళ్ళు అక్కర్లేదు. మీ అడుగులు పది నిమిషాల తర్వాత కూడా అచ్చు వేసినట్టు కనిపిస్తుంటే, ఆకు సన్నగా మడుచుకుని రంగు బూడిద ఛాయకు తిరిగితే ఆ రోజే పెట్టాలి. జనవరిలో ఈ స్థితి ఏడెనిమిది రోజులకు ఒకసారి వస్తుంది. మేలో ఎర్ర నేలల్లో రెండో రోజుకే రావచ్చు. వానాకాలంలో వారాల తరబడి పైపు తీయకపోయినా ఫర్వాలేదు. పెట్టేది తెల్లవారుజామున పెట్టండి. సాయంత్రం పెడితే రాత్రంతా ఆకు తడిగా ఉండి, వానాకాలంలో గుండ్రటి గోధుమ రంగు మచ్చలతో తెగులు వస్తుంది.

కోత, ఎరువు

ఒక కోతలో ఆకు పొడవులో మూడో వంతు కంటే ఎక్కువ తీయకండి. గరికను ఒకటిన్నర అంగుళాల ఎత్తులో ఉంచితే చాలు. మార్చి నుంచి రెండంగుళాలకు పెంచండి, ఆ అర అంగుళం నీడ వల్ల మట్టి చల్లగా ఉంటుంది. వానాకాలంలో వారానికి ఒకసారి, చలికాలంలో నెలకు ఒకసారి కోత పడుతుంది. 300 అడుగులకు చేత్తో తోసే మిషన్ సరిపోతుంది. కోసిన కొసలు తెల్లగా చీలికలై కనిపిస్తే బ్లేడు మొద్దుబారిందని అర్థం, సాన పెట్టించండి.

యూరియా చదరపు మీటరుకు పది గ్రాములు మించకూడదు. మన లాన్‌కు పావు కిలో. దాన్ని బకెట్ ఇసుకలో కలిపి, ఆకు పొడిగా ఉన్నప్పుడు చల్లి, వెంటనే నీళ్ళు పెట్టండి. తడి ఆకు మీద పడితే మచ్చలు మచ్చలుగా మాడిపోతుంది. జూలై, సెప్టెంబర్, ఫిబ్రవరి, ఈ మూడు సార్లు చాలు. ఏప్రిల్, మే నెలల్లో అసలు వద్దు. ఫిబ్రవరిలో ఎరువుకు ముందు లాన్ అంతా ఫోర్కుతో అరడుగుకు ఒకటి చొప్పున మూడంగుళాల లోతు గుచ్చి, పైన ఇసుక, వర్మీకంపోస్టు కలిపి పలచగా చల్లి, చీపురుతో రంధ్రాల్లోకి ఊడ్చండి.

నీళ్ళు, యూరియా రెండూ ఉన్నా ఆకు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న నేలల్లో, బోరు నీళ్ళ కింద తరచుగా వస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి, పది రోజులకు ఇంకోసారి. టైల్స్ మీద పడితే తుప్పు మరకలు పోవు, జాగ్రత్త.

వానాకాలం మధ్యలో ఒక చోట గడ్డి ఎండి, పట్టుకుని లాగితే చాపలా మొత్తం లేచి వస్తే కింద వేరు పురుగు ఉంది. తెల్లగా, కొక్కెంలా వంగి, గోధుమ రంగు తలతో కనిపిస్తుంది. తొలకరి తర్వాత రాత్రిళ్ళు వేప చెట్ల మీద మూగే పెంకు పురుగుల పిల్లలే ఇవి. కొద్దిగా ఉంటే ఏరేయండి. ఎక్కువుంటే పురుగును చంపే శిలీంధ్రమైన మెటారైజియం పొడిని వర్మీకంపోస్టులో కలిపి తడి నేల మీద చల్లండి.

వేసవిలో ఊరెళ్తే

పది రోజులు ఊరెళ్తుంటే వెళ్ళేముందు కోయకండి. ముందు రోజు తెల్లవారుజామున బాగా లోతుగా తడిపి వెళ్ళండి. తిరిగొచ్చేసరికి గరిక గోధుమ రంగులో ఉంటే కంగారుపడి పీకేయించకండి. ఒక తీగ తీసి కణుపు దగ్గర గోటితో గీరి చూడండి, లోపల తెల్లగానో లేత ఆకుపచ్చగానో ఉంటే బతికే ఉంది. నీళ్ళు కరువైతే వారానికి ఒక్కసారి, కణుపులు ఆరిపోకుండా తడిపితే చాలు. నిజంగా పోయిన చోట్లను అలాగే వదిలేసి, జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాక లాన్ అంచున ఒత్తుగా ఉన్న చోటి నుంచి అరచేయంత ముక్కలు మట్టితో సహా కోసి, అక్కడ పాతండి. ఆగస్టుకు అతుకు కనపడదు.